తొలిమంచు మీద స్కీయింగు
(సంఘ ఉగాది ఉత్సవములలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి తిన్న నోటితో వీడు మంచు సంగతి ఎత్తుకున్నాడేమిటని మీలో కొందరనుకోవచ్చును. హుబ్బళ్లిలో ఎండ అప్పుడే మాడు కాలుస్తున్నది. నేనా, రైల్వేలో గుమాస్తాను, మెట్రిక్కు దాకా చదివినవాణ్ణి. మంచుకొండ ఎక్కినవాణ్ణి కాను. కాని మన సంఘంలో చదువుకో ఉద్యోగానికో అమెరికా పోయిన పిల్లలున్న ఇళ్లు చాలానే ఉన్నవి. వాళ్లలో సాల్ట్ లేక్ సిటీ, డెన్వరు, సియాటిలు వైపు చేరినవారికి అక్కడివారి స్నేహం వల్ల స్కీయింగు అలవాటు కావడం వింత కాదు. పిల్లవాడు మంచులో నిలబడిన ఫోటో పంపితే తల్లి మురిసిపోతుంది. ఆ ఫోటో ఏ నెలలో తీసినది, ఏ వాలు మీద తీసినది అని మాత్రం ఎవరూ అడగరు. నేను చెప్పవచ్చిన సంగతి ఆ రెండు ప్రశ్నలలోనే ఉన్నది.

స్కీయింగులో రెండు తరగతులు కద్దు. ఒకటి టిక్కెట్టు కొనుక్కొని, తీగ మీద వేలాడే కుర్చీలో పైకి పోయి, చదును చేసిన బాట మీద జారడం. అక్కడ కాపలా ఉంటుంది. మంచు ఎక్కువగా పడిన రోజున తెల్లవారుజామునే మనుష్యులు వచ్చి, మందు పేల్చి, జారిపడగల మంచును ముందే పడగొట్టి, తర్వాతనే జనాన్ని వదులుతారు. రెండవది బ్యాక్‌కంట్రీ. అక్కడ కుర్చీ లేదు, టిక్కెట్టు లేదు, పేల్చేవాడూ లేడు. స్కీల అడుగున బొచ్చుపట్టీలు అంటించుకొని కాళ్లతోనే ఎక్కాలి. పూర్వం సీలు అనే నీటిజంతువు తోలు వాడేవారట, ఇప్పుడు నైలానో మేకబొచ్చో. బొచ్చు వెనక్కు దువ్వినట్లుంటుంది కనుక ముందుకు జారుతుంది, వెనక్కు జారదు. ఇక స్నోబోర్డంటే రెండు కాళ్లకూ కలిపి ఒకే పలక. 1965 క్రిస్మసునాడు మిచిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతురు ఆడుకోవడానికి రెండు స్కీలు జతచేసి కట్టినదానితో ఈ ఆట మొదలైనదని చెబుతారు. తమాషా ఏమంటే, రెండు స్కీలు కలిపి పుట్టించిన ఆ పలకనే కొండ ఎక్కడానికి మళ్లీ నిలువునా రెండుగా విడదీసే ఏర్పాటు నేడు వచ్చినది.

ఈ కొండపిచ్చి వాళ్లంటే నాకు చులకన లేదు. యూటాలోని వాసాచ్ కొండల దగ్గర తెల్లవారకముందే లేచి, తలకు దీపం కట్టుకొని, మంచు ఎక్కి దిగి, వేళకు ఆఫీసులో కూర్చునేవారున్నారు. నైటు డ్యూటీ చేసే మనవాళ్లకు వాళ్ల ఓపిక అర్థమవుతుంది. వసంతంలో మంచు కరిగినది మొదలు వీరు ఆకాశం వంక చూస్తూ ఉంటారు. అక్టోబరు నెలాఖరునో నవంబరులోనో పైకొండల మీద జానెడు మంచు కనబడితే చాలు, ఆగలేరు. స్కీ కేంద్రాలు చాలావరకు ఇంకా తెరవరు. ఆ కొద్ది వారాలే నా విషయం.

మంచు కొంచెమే గదా, ప్రమాదమూ కొంచెమే అని ఎవరికైనా తోస్తుంది. లెక్క తిరగబడేది ఇక్కడే. అక్టోబరులో పడిన మంచు దక్షిణం వైపు వాలు మీద ఎండకు కొద్దిరోజుల్లో కరిగిపోతుంది. ఉత్తరం వైపు, ఎత్తున, నీడపట్టున మాత్రం నిలుస్తుంది. నేల వేడి పూర్తిగా పోదు కనుక మంచు అడుగున ఇంచుమించు సున్నా డిగ్రీ ఉంటుంది. నిర్మలమైన రాత్రి పైభాగం మైనస్ 15 దాకా చల్లబడవచ్చును. మంచు రెండు మీటర్ల మందం ఉంటే ఆ 15 డిగ్రీల తేడా అంత మందంలోనూ సర్దుకుంటుంది. పది సెంటీమీటర్లకు ఒక డిగ్రీ కూడా రాదు. మంచు 40 సెంటీమీటర్లే ఉన్నదనుకోండి, పది సెంటీమీటర్లకు నాలుగు డిగ్రీలకు దగ్గర పడుతుంది. తేడా ఒక డిగ్రీ దాటితే చాలు, అడుగున ఆవిరి పుట్టి పైకి పాకుతూ మెత్తని మంచును గరుకు గింజలుగా మార్చివేస్తుంది. చక్కెరను పిడికిట పట్టి బిగిస్తే ముద్ద కడుతుందా? ఆ గింజలూ అంతే. మంచు పలుచన అయినకొద్దీ అడుగు కుళ్లుతుందన్నమాట.

తర్వాత తుపాను వచ్చి, గాలి కొట్టి, ఆ చక్కెర మీద బిరుసైన పలకలాగా కొత్తమంచు పరుస్తుంది. పైనుంచి చూస్తే పాలమీగడ. మనవాడు స్కీలతో దాని మీదికి పోతాడు, పలక పగులుతుంది, వాలంతా ఒక్కసారి కదులుతుంది. దక్షిణపు వాలు బోడిగా ఉండడం వల్ల నవంబరులో మంచు వెతుక్కుంటూ పోయేవాడు సరిగ్గా ఈ ఉత్తరపు నీడకే పోతాడు. మంచు ఉన్నచోటూ ప్రమాదమున్నచోటూ ఒకటే.

వాలు సంగతి మన లెక్కలో చెబుతాను. కాజిల్‌రాక్ దిగువన బ్రగాంజా ఘాటు 37కు 1. అంటే 37 అడుగులు పోతే ఒక అడుగు ఎత్తు. దానికే మనం బ్యాంకరు ఇంజన్లు పెట్టుకుంటాము. మంచు పలకలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద, అందులోనూ 38 ప్రాంతంలో. అంటే 37 అడుగులకు 29 అడుగులు.

మంచు బరువు ఎంతటిదో రైలువాళ్లు ఒకసారి చూచినారు. 1910 మార్చి 1న, అర్ధరాత్రి దాటిన తర్వాత, వాషింగ్టన్ రాష్ట్రంలో స్టీవెన్స్ కనుమ దగ్గర వెల్లింగ్టన్ అనే చిన్న స్టేషనులో, మంచువల్ల దారి మూసుకుపోయి రోజుల తరబడి నిలిచిన గ్రేట్ నార్తరన్ రైల్వేవారి పాసింజరునూ మెయిలునూ కొండ మీది మంచు లోయలోకి తోసివేసినది. 96 మంది పోయినారు. వారిలో ఎక్కువమంది రైల్వే ఉద్యోగులే. అది చలికాలం చివరిమాట, తొలిమంచు కాదు. పైగా ఆ మంచు తనంతట తాను వచ్చినది. నేడు స్కీయింగులో పోయేవారి సంగతి వేరు. పదింట తొమ్మిదింటిలో మంచును కదిలించేది పోయినవాడో, అతని జట్టులోవాడో.

నేర్పు ఉంటే తప్పించుకోవచ్చునా? జేమీ పియర్ అనే ఆయన 2006లో 255 అడుగుల కొండచరియ మీది నుంచి మంచులోకి దూకి బతికి పేరు పొందినాడు. అంతటివాడు 2011 నవంబరు 13న యూటాలో, ఆ సంవత్సరానికి ఇంకా తెరవని స్నోబర్డ్ స్కీ కేంద్రపు వాలు మీద మంచుపలక జారి పోయినాడు. వయస్సు 38. మంచులో పూర్తిగా పూడిపోలేదు. రాళ్ల మీదుగా ఈడ్చుకొనిపోయినది. చలికాలం నడుమ అయితే ఆ రాళ్ల మీద నిలువెత్తు మంచు ఉంటుంది. నవంబరులో జానెడు.

అందుకే పరికరాల మీద మరీ ధీమా పెట్టుకోవడం నాకు నచ్చదు. అవి ఉండవలసినవే. ఛాతీకి కట్టుకునే చిన్న ప్రసార యంత్రం 457 కిలోహెర్ట్జ్ మీద కూస్తూ ఉంటుంది. మన పాత రేడియోలో మీడియం వేవు మొదలయ్యే చోటికి కాస్త కింద. పూడిన వానిని దానితో వెతికి, కడ్డీతో గుచ్చి చూచి, పారతో తవ్వాలి. పది నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మండుగురు బతుకుతారు, అరగంటకు ముగ్గురే. అంబులెన్సు వచ్చేదాకా ఆగే పని కాదు, తోడున్నవాడే తవ్వాలి. అయితే రాతికి తల తగిలినవానికి ఆ యంత్రం ఏమి చేస్తుంది?

తెలిసినవారు ఈ కాలంలో చేసేది వేరు. 30 డిగ్రీలకు తక్కువైన, అడుగున రాళ్లు లేని గడ్డివాలు చూచుకుంటారు. పారతో గుంట తవ్వి అడుగుపొర చక్కెరయిందేమో చూస్తారు. యూటాలో, కొలరాడోలో మంచు ప్రమాదం తెలియజేసే కేంద్రాలున్నవి. వాటి ప్రకటనలు చదువుతారు. ప్రమాదానికి అయిదు మెట్లు పెట్టినారు. ఎక్కువమంది పోయేది అయిదోదానిలో కాదు, మూడోదానిలో. అయిదంటే ఇల్లు కదలరు, మూడంటే ఫరవాలేదనుకుంటారు. ఇక దిగేటప్పుడు వాలు మీద ఒక్కడే ఉండాలి. అతడు దిగి పక్కకు తప్పుకున్న తర్వాతనే రెండోవాడు బయలుదేరాలి. బ్లాకు సెక్షనులో ఒకే బండి అన్న మన నిబంధన వారికెవరు చెప్పినారో గాని, అక్షరాలా అదే.

వద్దని రాస్తే పిల్లలు మానరు, ఫోటోలు పంపడం మానుతారు. కనుక ఫోనులో "బాగున్నావా నాయనా" అన్న తర్వాత, "ఏ వైపు వాలురా, ఎన్ని డిగ్రీలు, తోడెవరు" అని అడగండి. బయలుదేరే చోట యంత్రాల పరీక్ష చేసినారా అని కూడా అడగండి. ఒకడు ముందుగా పోయి నిలబడతాడు, మిగిలినవారు ఒకరి తర్వాత ఒకరు అతని ముందు నుంచి నడుస్తారు, ప్రతివాని యంత్రమూ పలుకుతున్నదో లేదో అతడు వింటాడు. గార్డు పచ్చజెండా చూపితేనే గదా మన బండి కదిలేది.