నేల టికెట్టు నుంచి చూస్తే

(అంబేద్కర్ జయంతి రాత్రి మా పేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగం. మాట్లాడినదాన్ని కొద్దిగా సరిచేసి ఇస్తున్నాం.)



జయంతి సభలో సినిమాల ముచ్చటేంది ఈ పంతులుకి అని కొందరు అనుకుంటా ఉండొచ్చు. కారణం ఉంది. సంక్రాంతి పోయినప్పటి నుంచి మనం శనివారం శనివారం కమ్యూనిటీ హాలు గోడకి తెల్ల దుప్పటి కట్టి పాత సినిమాలు చూస్తున్నాం. కాలేజీ పిల్లలు ప్రొజెక్టరు అద్దెకు తెచ్చారు. సినిమాలు ఫోన్లోనే దొరుకుతున్నాయి. ఒకటే షరతు పెట్టుకున్నాం. సినిమా అయిపోయినాక ఎవరూ లేచి పోగూడదు, అరగంట కూర్చుని ఎవరికేమనిపించిందో చెప్పాలి. మొదటి వారం ఒక్కరూ నోరు తెరవలేదు. ఇప్పుడు పన్నెండైనా ఆపడం లేదు. ఆ మాటల్లో కొన్నిటిని మీ ముందు పెట్టడానికే నిలబడ్డాం.

ముందు సినిమా హాలు సంగతి చెప్పుకుందాం. మన పెద్దలకి సినిమా అంటే టూరింగ్ టాకీసు. డేరా కింద ముందు ఇసుకలో నేల టికెట్టు, దాని వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. మనం ఎప్పుడూ ఇసుకలోనే. అయినా మనవాళ్ళు పగలంతా నాట్లేసి, రాత్రికి మూడు మైళ్ళు నడిచి సినిమాకి పోయేవాళ్ళు. ఎందుకంటే బావి దగ్గర కులం అడిగారు, గుడి దగ్గర కులం అడిగారు, హోటల్లో గ్లాసు వేరే పెట్టారు. టికెట్టు కిటికీలో మాత్రం చెయ్యి పెట్టి డబ్బులిస్తే టికెట్టు ఇచ్చారు. దీపాలు ఆర్పేశాక ఎవరెవరో తెలియని చోటు ఊరి మొత్తానికి అదొక్కటే.

మరి మన పిల్లలు చదువుకుని, కుర్చీ టికెట్టు కొనుక్కునే రోజు వచ్చినాక ఏమయింది? చుండూరు అయింది. 1991 జులైలో చుండూరు సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు అగ్రకులస్తుడికి తగిలింది. ఆ చిన్న గొడవని పట్టుకుని సాంఘిక బహిష్కరణ పెట్టారు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి నరికి చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఇది మన గుంటూరు సీమలో జరిగిన చరిత్ర. కాబట్టి సినిమా కాలక్షేపమే గదా అని మనతో ఎవరన్నా అంటే ఒప్పుకోలేం. హాల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలి, కాలు ఎక్కడ పెట్టాలి అనేది కూడా ఊరే నిర్ణయించాలనుకుంది. తెర మీద మనం ఎక్కడ ఉండాలో ఎవరు నిర్ణయించారో చూద్దామనే ఈ పని మొదలుపెట్టాం.

మొదట చూసింది 'మాలపిల్ల'. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీశాడు. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి, మాలపిల్లగా కాంచనమాల వేసింది. పూజారి కొడుకు మాలపిల్లని ప్రేమిస్తాడు. మనవాళ్ళకి నీళ్ళు బంద్ చేస్తారు. ఆ రోజుల్లో ఈ పేరుతో సినిమా తీయడమే సాహసం. చాటుగా చూసొచ్చిన ఛాందసులు ఇంటికి పోయి తలస్నానం చేశారని చెప్పుకుంటారు. ఆ తెగువకి దండం పెట్టాల్సిందే. పెట్టినాక అడగాల్సింది అడగాలి.

సినిమాలో పూజారి మనసు ఎప్పుడు మారింది? ఆయన భార్య మంటల్లో చిక్కుకుంటే హరిజన యువకుడు కాపాడినప్పుడు. అంగన్‌వాడీలో వంట చేసే మన అక్క అక్కడే పట్టుకుంది. "మంటల్లో దూకి వాళ్ళ ఆడమనిషిని బయటికి తెస్తేనేనా మాస్టారూ మనం మనుషులం? మంట రాకపోతే ఇంకెన్నాళ్ళు దప్పికతో ఉండాలి?" అంది. ఆ ప్రశ్నకి సినిమాలో జవాబు లేదు, బయట ఉంది. మాలపిల్ల రావడానికి 11 ఏళ్ళ ముందు, 1927 మార్చి 20న, బాబాసాహెబ్ వేల మందిని వెంటేసుకుని మహద్ చవదార్ చెరువుకు పోయి దోసిలితో నీళ్ళు తాగాడు. ఎవరి మనసూ మారేదాకా ఆగలేదు. మన తెర మీదికి గాంధీగారి హరిజనోద్ధరణ వచ్చింది గానీ ఆ దోసిలి రాలేదు. ఆ సినిమా తీసిన సారథి ఫిలిమ్స్ వెనక చల్లపల్లి జమీందారు ఉన్నాడు. గుడి తలుపు తెరిచే కథకు జమీందారు డబ్బు పెట్టగలిగాడు. అదే ఎస్టేటు భూముల కోసం తర్వాత పేదలు పోరాడాల్సి వచ్చింది.

ఇంకో సంగతి కూడా ఆ రాత్రే చెప్పుకున్నాం. మాలపిల్ల వేషం మాలపిల్ల కాని కాంచనమాలకు దక్కింది, ఆమె పేరు ఊరూరా మోగింది. అంతకు కొన్నేళ్ళ ముందు, 1930 ప్రాంతంలో, మలయాళంలో జె.సి. డేనియల్ తీసిన మొదటి సినిమా 'విగతకుమారన్'లో పి.కె. రోజీ అనే దళిత స్త్రీ నాయర్ స్త్రీ వేషం కట్టింది. గడ్డి కోసుకుని బతికిన మనిషి. మా కులపు ఆడదాని వేషం ఈమె కట్టడమా అని తిరువనంతపురంలో దాడి చేశారు. ఆమె ఊరొదిలి పారిపోయింది. మళ్ళీ తెర మీదకు రాలేదు. ఆ సినిమా ప్రింటు కూడా ఇవాళ లేదు. మన వేషం వాళ్ళు కడితే కళ, వాళ్ళ వేషం మనం కడితే నేరం. ఈ ముక్క చెప్పినప్పుడు మన ఆడపిల్లలు ఫోన్లో రోజీ బొమ్మ వెతికి, చేతులు మార్చుకుని చూశారు.

మూడో వారం 'సత్య హరిశ్చంద్ర'. 1965లో కె.వి. రెడ్డి తీసింది. రామారావు హరిశ్చంద్రుడు, ఎస్. వరలక్ష్మి చంద్రమతి. ఈ కథకు ఈ దేశంలో ఎంత గిరాకీ అంటే, 1913లో ఫాల్కే తీసిన తొలి సినిమా కూడా హరిశ్చంద్రుడే. కాటి సీను వచ్చేసరికి ఆడవాళ్ళంతా కొంగులు కళ్ళకు పెట్టుకున్నారు. అయిపోయినాక అందరం వెనక వరసలో కూర్చున్న పెదనాన్న వైపు చూశాం. మీకందరికీ తెలుసు, నలభై ఏళ్ళు ఊరి కాటిలో గొయ్యి తీసి, కట్టె పేర్చిన మనిషి. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇట్టా అన్నాడు: "రాజు చేశాడు గాబట్టి ఏడ్చారు. మా నాయనా చేశాడు, మా తాతా చేశాడు. వానలో కట్టె అంటుకోకపోతే తెల్లారేదాకా కూర్చున్నాం. మమ్మల్ని చూసి ఎవరేడ్చారు? ఆయనకి ఆఖర్న దేవుళ్ళొచ్చి రాజ్యం ఇచ్చారు. మాకు గుప్పెడు గింజలు, పాత పంచె."

అందరం గమ్మునుండిపోయాం. ఎన్ని వందల సార్లు చూశాం ఆ నాటకం! రాజుకి వచ్చిన కష్టాల్లోకెల్లా పెద్ద కష్టం ఏమంటే మన పని చెయ్యాల్సి రావడం. మన రోజువారీ బతుకు వాళ్ళ కథలో శాపం. ఆ మెలిక మనకు ఒక్కనాడూ తట్టలేదు. వీరబాహుడి కాటిలో రాజు పడ్డ కష్టం చూశాం గానీ వీరబాహుడి పిల్లలు ఏ బళ్ళో చదివారని అడగలేదు.

అయితే అదే కాటి సీనులో మనది ఇంకోటి ఉంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకం మన ఊళ్ళల్లో ఆడేటప్పుడు, కాటి సీనులో నటులు పాడి వన్స్‌మోర్ కొట్టించుకున్న పద్యాలు కొన్ని నాటకకర్తవి కావు. వినుకొండలో పుట్టిన మన గుర్రం జాషువావి, 'శ్మశానవాటి' ఖండికలోవి. చావు దగ్గర రాజూ పేదా ఒకటేనని చెప్పడానికి దళిత కవి పద్యం కావాల్సి వచ్చింది. పద్యానికి వన్స్‌మోర్ దొరికింది, పద్యం రాసిన మనిషికి కులం పేరుతో ఎన్ని అవమానాలు దొరికాయో ఆయనే 'నా కథ'లో రాసుకున్నాడు. పెదనాన్నకు ఆ పద్యాలు నోటికి వచ్చు. అవి జాషువావని మాత్రం ఆ రాత్రే తెలిసింది. "మనోడా!" అని మళ్ళీ పాడాడు. ఈసారి వన్స్‌మోర్ మనం కొట్టాం.

పెద్ద తగాదా వచ్చింది 'ఒక ఊరి కథ' దగ్గర. 1977లో మృణాల్ సేన్ తెలుగులో తీశాడు. ప్రేమ్‌చంద్ రాసిన 'కఫన్' కథ దానికి ఆధారం. తండ్రీ కొడుకులు పనికి పోరు. పని చేస్తే కడుపు నిండేది ఆసామికే గదా, మనమెందుకు చెయ్యాలి అంటాడు తండ్రి. కోడలు కష్టపడి ఇల్లు నెడుతుంది. ఆ కోడలు పురిటి నొప్పులతో చచ్చిపోతుంది. అప్పుడు ఆమె పేరు చెప్పి అడుక్కుంటారు. కుర్రాళ్ళు తండ్రి మాటకి చప్పట్లు కొట్టారు. వెట్టికి ఎదురుతిరిగాడు అన్నారు. ఆడవాళ్ళు లేచారు. "ఆసామికి ఎదురుతిరిగాడు సరే, దాని చాకిరీ తిని బతికాడు గదా? ఆమె మీద వీళ్ళే ఆసాములు" అంది డ్వాక్రా గ్రూపు చెల్లెలు. ఇంకొకరు, మనవాళ్ళంటే సోమరులూ తాగుబోతులేనా, ఇట్టా ఎందుకు చూపించాలి అని అడిగారు. హిందీలో దళిత రచయితలు 'కఫన్' మీద పెట్టిన తగాదా కూడా ఇదే. తగాదా తెగలేదు, తెగాల్సిన పనీ లేదు. ఆ సినిమా మన ఇళ్ళ లోపలికి కూడా వేలు పెట్టి చూపించింది. బయటి దొరను తిట్టి ఇంట్లో దొరతనం చేస్తే బాబాసాహెబ్ పేరు ఎత్తే హక్కు మనకుండదు.

ఆఖరుగా పోయిన శనివారం 'మా భూమి'. 1980లో వచ్చింది. బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు, గౌతమ్ ఘోష్ దర్శకుడు. తెలంగాణలో నిజాం మీదా దొరల మీదా జరిగిన సాయుధ పోరాటం కథ. వెట్టి బతుకులో పుట్టిన రామయ్య తిరగబడతాడు. అందులో బండి యాదగిరి పాట పాడుతూ గద్దర్ కనపడగానే పిల్లలు ఈలలేశారు. అది మన మనిషి, మన గొంతు, మన ఒళ్ళు. 2023 ఆగస్టులో ఆయన పోయినప్పుడు ఇదే హాల్లో సంతాపం పెట్టుకున్నాం. కట్టిన వేషం లాగా కాకుండా మనిషి మనిషిలాగా తెర మీదకు రావడం అంటే ఏందో ఆ కాసేపట్లో తెలిసింది. ఒక పిల్లాడు అడిగాడు, "మన బతుకు తీయడానికి రెండుసార్లూ బెంగాల్ నుంచే రావాల్సి వచ్చిందా సార్? ఇక్కడ కెమెరాలు లేవా?" అని. కెమెరాలు ఉన్నాయి నాయనా. అవి మన పేట వైపు తిరగలేదు.

ఆ సినిమా తర్వాత సినిమా మాట పక్కకు పోయింది. భూమి కోసం అంతమంది చచ్చారు గదా, మన డి.కె. పట్టాల భూమి ఎవరి సాగులో ఉంది అని ఒకరు అడిగారు. తెల్లారి ఆదివారం కొందరు ట్రంకు పెట్టెల్లోంచి పాత పట్టా కాయితాలు తెచ్చి హాల్లో పరిచారు. కాయితం మన పేరు మీద, చేను ఇంకొకరి దున్నకంలో. ఎసైన్డ్ భూముల బదిలీ చెల్లదని 1977లోనే చట్టం వచ్చింది. దానికి ఆ తర్వాత చేసిన మార్పులు కూడా చదవాలి. మన లాయరు తమ్ముడితో కూర్చుని కాయితం కాయితం చూస్తాం. వచ్చే ఆదివారం మిగతావాళ్ళు కూడా తీసుకురండి. అసలు కాయితం ఎవరి చేతికీ ఇవ్వొద్దు, జిరాక్సు తీసుకురండి.

పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఒక మాట. ఒక దుప్పటి, ఒక ప్రొజెక్టరు, చూసినాక అరగంట ఓపిక ఉంటే చాలు. ఏ సినిమా అయినా చూడండి, మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో మన పని ఎవరు చేస్తున్నారు? మన తరఫున ఎవరు మాట్లాడుతున్నారు? ఆఖర్న భూమీ నీళ్ళూ ఎవరి చేతిలో ఉన్నాయి? ఆడవాళ్ళని ముందు మాట్లాడనివ్వండి. పెద్దవాళ్ళు చెప్పింది పిల్లలు నోటు పుస్తకంలో రాసుకోండి. రేపు మన పిల్లల్లో ఎవరన్నా కెమెరా పట్టుకుంటే ఆ పుస్తకమే కథ అవుతుంది.

ఇవాళ హాల్లో కుర్చీలు అందరికీ చాలవు. పెద్దవాళ్ళని కుర్చీల్లో కూర్చోబెట్టండి, మనం నేల మీద కూర్చుందాం. ఈ నేల మనదే. వచ్చే శనివారం ఎనిమిదింటికి సినిమా, ఆదివారం పదింటికి పట్టా కాయితాలు. రెండింటికీ రండి.

జై భీమ్.