ఏఐ రేస్‌లో లంబసింగి కొండ విలువెంత?

ఈ ఎపిసోడ్ మన రూమ్‌లో కాదు, లంబసింగిలో రికార్డ్ చేస్తున్నాను. టైమ్ పొద్దున్న ఐదున్నర. నా వెనకాల తెల్లగా కనిపిస్తున్నది ఎడిటింగ్ కాదు, మంచు. ఈ ఊరికి ఇంకో పేరు కొర్రబయలు. రాత్రి బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు. నేనింకా బిగుసుకుపోలేదు గానీ నా ఫోన్ బిగుసుకుపోయింది. 40 శాతం చార్జింగ్ చూపించి ఒక్కసారిగా స్విచాఫ్. లిథియం బ్యాటరీకి చలి పడదు. ఇక్కడ టీ కొట్టు అక్కని అడిగి ప్లగ్‌లో చార్జర్ పెట్టాను. మన కథ ఆ చార్జర్ దగ్గర్నుంచే మొదలవుతుంది.

మీ దగ్గర చిన్న సైజు ఫాస్ట్ చార్జర్ ఉంటే దాని మీద 'గాన్' అని రాసి ఉందేమో చూడండి. అంటే గాలియం నైట్రైడ్. అది చార్జర్‌లోనే కాదు, 5జీ టవర్లలో, ఫైటర్ జెట్ల రాడార్లలో కూడా వాడతారు. ఈ గాలియం కోసం విడిగా గనులేమీ ఉండవు. బాక్సైట్‌లో టన్నుకి సుమారు 50 గ్రాములు ఉంటుంది. బాక్సైట్ నుంచి అల్యూమినా తీసేటప్పుడు, ఆ ద్రావణంలోంచి దీన్ని పట్టుకోవాలి. ప్రపంచంలో ముడి గాలియం దాదాపు 98 శాతం చైనాలోనే తయారవుతోంది.

2022 అక్టోబర్‌లో అమెరికా హై ఎండ్ ఏఐ చిప్‌లు చైనాకి వెళ్లకుండా ఆపింది. 2023 ఆగస్ట్ 1 నుంచి గాలియం బయటికి పంపాలంటే లైసెన్స్ కావాలంది చైనా. 2024 డిసెంబర్ 2న అమెరికా మళ్లీ చిప్ రూల్స్ టైట్ చేస్తే, మర్నాడే చైనా అమెరికాకి గాలియం పూర్తిగా బంద్ చేసింది. నువ్వు చిప్ ఆపితే నేను మెటల్ ఆపుతా. 2025 నవంబర్‌లో ఆ బ్యాన్‌ని ఓ ఏడాది పాటు పక్కన పెట్టారు. ఎత్తేయలేదు, గమనించండి.

ఇప్పుడు ఆ బాక్సైట్ నేను నిలబడ్డ ఈ చింతపల్లి ప్రాంతంలోనే ఉంది. జెర్రెల కొండల్లో. 2015 నవంబర్‌లో జీవో 97 ఇచ్చి, 1,212 హెక్టార్ల అటవీ భూమిని తవ్వకాల కోసం ఏపీఎండీసీకి ఇద్దామనుకున్నారు. మన్యం మొత్తం లేచింది. ఆ జీవో ఆగింది, 2019లో రద్దయింది. ఆ బాక్సైట్‌ని నమ్ముకుని కింద మాకవరపాలెం మండలంలో కట్టిన అల్యూమినా ఫ్యాక్టరీ సరుకు రాక అలా ఉండిపోయింది.

ఇక్కడ ఒకటి క్లియర్ చేయాలి. "మనోళ్లు తవ్వనిచ్చుంటే గాలియంలో చైనాని కొట్టేవాళ్లం" అనే టైపు ఫార్వర్డ్‌లు మీకు వస్తే నమ్మకండి. ప్రపంచంలో ఏటా దాదాపు 40 కోట్ల టన్నుల బాక్సైట్ తవ్వుతున్నారు. బాక్సైట్‌కి కరువు లేదు. లేనిది రిఫైనరీలో గాలియం పట్టుకునే యూనిట్. చైనా తన రిఫైనరీల్లో అవి పెట్టించింది, మిగతా దేశాలు వదిలేశాయి. ఇక్కణ్నుంచి కొండలు దాటితే ఒడిశా దామన్‌జోడిలో నాల్కో రిఫైనరీ ఎప్పట్నుంచో నడుస్తోంది. గాలియం మీద నిజంగా ఆసక్తి ఉంటే అలాంటి చోట మొదలుపెట్టొచ్చు. దానికోసం జెర్రెల కొండ కొయ్యక్కర్లేదు.

సరే, బాక్సైట్ సంగతి పాతది. కొత్తది ఇంకా ఇంట్రెస్టింగ్. ఈసారి కొండ కింద ఉన్నది కాదు, కొండ ఎత్తే సరుకు.

2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖలో ఏఐ హబ్ ప్రకటించింది. ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు. కెపాసిటీ ఒక గిగావాట్, అంటే 1,000 మెగావాట్లు. చూడండి, డేటా సెంటర్‌ని సర్వర్ల సంఖ్యతో కాదు, కరెంటుతో కొలుస్తున్నారు. ఏఐ రేస్‌లో ఇప్పుడు అడ్డుపడుతున్నది కోడ్ కాదు, కరెంటు. చైనా ఏడాదికి అమెరికా కంటే రెట్టింపు పైనే కరెంటు తయారుచేస్తోంది. అమెరికాలో మైక్రోసాఫ్ట్ అయితే మూసేసిన త్రీ మైల్ ఐలాండ్ అణు రియాక్టర్‌ని మళ్లీ నడిపించి ఆ కరెంటు కొనేందుకు 2024లో ఒప్పందం చేసుకుంది.

ఒక గిగావాట్ ఎంతో మన లెక్కలో చెప్తాను. ఈ కొండల్లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది, మొదటి యూనిట్ 1955లో మొదలైంది. ఇప్పుడు 120 మెగావాట్లు. అందులోనూ ఒడిశాకి వాటా ఉంది. ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, దిగువ సీలేరు 460. అన్నీ ఫుల్లుగా తిరిగినా 845 మెగావాట్లు. 70 ఏళ్లుగా ఈ మన్యం నదుల మీద కట్టిన ఈ కేంద్రాలన్నీ కలిపినా ఒక్క హబ్‌కి చాలవు! నేను ఈ కూడిక రాత్రి లాడ్జిలో రెండుసార్లు వేసి చూసుకున్నాను.

మరి సోలార్ ఉందిగా అంటారు. ఉంది. కానీ చాట్‌బాట్‌ని మీరు రాత్రి రెండింటికి కూడా అసైన్‌మెంట్ రాయమంటారు. అప్పుడు సూర్యుడు ఉండడు. అందుకే పంప్డ్ స్టోరేజ్. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. పగలు సోలార్ కరెంటుతో నీళ్లు పైకి తోడతారు, రాత్రి కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. నీళ్లతో చేసిన పవర్ బ్యాంక్ అన్నమాట. 100 యూనిట్లు పెడితే 75 నుంచి 80 తిరిగొస్తాయి. చైనా ఫెంగ్‌నింగ్‌లో 3,600 మెగావాట్లది కట్టేసింది.

ఇంటర్ ఫిజిక్స్ గుర్తుందా, ఎం జి హెచ్? వెయ్యి లీటర్ల నీళ్లు 367 మీటర్లు దిగితే ఒక్క యూనిట్ కరెంటు. అంతే! ఒక గిగావాట్ ఆరు గంటలు కావాలంటే, 400 మీటర్ల ఎత్తు నుంచి సుమారు 600 కోట్ల లీటర్లు దిగాలి. ఎత్తు సగమైతే నీళ్లు రెట్టింపు కావాలి, ముంపు పెరుగుతుంది. కాబట్టి నిటారు కొండ, పక్కనే వాగు ఉన్నచోటు బంగారం. నర్సీపట్నం నుంచి సుమారు 30 కిలోమీటర్ల దారిలో మనం దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి వచ్చేశాం. బైక్ ఫస్ట్ గేర్‌లో ఏడ్చింది కూడా. కంపెనీలు ఈ కొండల్ని ఎందుకు చూస్తున్నాయో ఆ ఘాట్ రోడ్డే చెప్తుంది.

అందుకే అల్లూరి జిల్లాలో వరసగా ప్రాజెక్టులు. ఎగువ సీలేరులో జెన్‌కో 1,350 మెగావాట్లు. అనంతగిరి మండలం పెదకోటలో అదానీది. ఎర్రవరం దగ్గర 1,200 మెగావాట్లకి ఇంకో ప్రైవేటు కంపెనీ. కాఫీ తోటలు, మిరియాల పాదులు, పోడు భూములు మునుగుతాయని ఆదివాసులు నిరసనలు చేస్తున్నారు.

ఈ టీ కొట్టు అక్కకి ఇదంతా నాకొచ్చినట్టు చెప్పాను. ఆవిడ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, "ఏటి బాబూ, అంత కరెంటు ఎవులికి? మాకు కాస్త గాలేస్తే పోద్ది, మళ్లీ రాత్రికే" అంది. నేను ఏఐ అంటే ఏంటో చెప్పబోయాను. ఆవిడ అడిగింది అది కాదని కాసేపటికి అర్థమైంది.

ఎవరికి అన్న ప్రశ్న ఈ కొండల్లో కొత్త కాదు. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆదివాసులతో చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. 1922 ఆగస్ట్ 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడటం వెనక ఆ కోపం కూడా ఉంది. ఇవాళ మనం రీల్స్ తీసుకుంటూ వచ్చే దారి అది.

ఇంకొకటి, మన జనరేషన్‌లో చాలామంది వినని తీర్పు. బొర్రా గుహలు చూశారు కదా? ఆ చుట్టుపక్కల మైనింగ్ లీజుల మీద సమతా అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997 జులై 11న తీర్పు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకి మైనింగ్ లీజుకి ఇవ్వకూడదు. ప్రభుత్వ సంస్థకో, గిరిజనుల సహకార సంఘానికో ఇవ్వొచ్చు. ఇంకా, నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి అభివృద్ధికి పక్కన పెట్టాలంది. 2013లో ఒడిశా నియమగిరిలో అయితే కోర్టు గ్రామసభలనే అడగమంది. 12 సభలు పెడితే 12 కూడా బాక్సైట్ వద్దన్నాయి.

సమతా తీర్పు తవ్వకాల గురించి. ఇక్కడ తవ్వి తీసుకెళ్లేది ఏమీ లేదు, ఎత్తుని వాడుకుంటారు. కానీ ఆ ఎత్తు విశాఖలో సర్వర్‌కి రాత్రంతా డబ్బు సంపాదించి పెడుతుంది, ప్రాజెక్టు ఉన్నన్నేళ్లూ. ఖనిజానికి 20 శాతం అన్నప్పుడు ఎత్తుకి ఎంత? ఒకసారి ఇచ్చే పరిహారం సరిపోదని నా అభిప్రాయం. ఏటేటా వాటా కావాలి, అదీ గ్రామసభ సరేనన్నాక. 1/70 చట్టం, పెసా ఊరికే పుస్తకంలో లేవు. నేను సాఫ్ట్‌వేర్ వాడినే, డేటా సెంటర్లు వద్దనను. సోలార్ ఉండాలంటే స్టోరేజ్ ఉండాలి. కానీ "దేశం కోసం" అని చెప్పి ముందు కట్టేసి తర్వాత అడగటం కుదరదు.

మంచు విడుతోంది, టూరిస్టు కార్లు దిగుతున్నాయి. నా ఫోన్ 62 శాతం ఎక్కింది. అక్క చార్జింగ్‌కి డబ్బులు తీసుకోలేదు, టీకి మాత్రం తీసుకుంది. చింతపల్లి, కొయ్యూరు, అనంతగిరి వైపు నుంచి ఎవరైనా చూస్తుంటే, మీ ఊళ్లో ప్రాజెక్టు మీద గ్రామసభ పెట్టారా, తెలుగులో కాగితాలు ఇచ్చారా కామెంట్‌లో రాయండి. వాటితోనే నెక్స్ట్ ఎపిసోడ్ చేస్తాను.