నడుములో పుట్టుకతో వచ్చిన తేడా: భయమెందుకు?

(బుచ్చిరెడ్డిపాలెంలో పెన్షనర్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఎక్స్‌రే విభాగంలో పనిచేసి రిటైరైన వాణ్ణి. రిపోర్టులో "పుట్టుకతో వచ్చిన లోపం" అన్న మాట చూసి కుమిలిపోయిన వాళ్లను చాలామందిని చూశాను. ఒక ఇంట్లో ఆ మాట మనవరాలి పెళ్లి సంబంధం దాకా పోయింది. అందుకే ఈ నాలుగు మాటలు.

నడుములో మామూలుగా అయిదు వెన్నుపూసలుంటాయి. వాటి కింద త్రికాస్థి. అది అయిదు పూసలు కలిసిపోయిన ఒకే ఎముక. కొందరికి తల్లి కడుపులోనే అయిదో పూస రెక్క పెద్దదై, త్రికాస్థికి ఆనుకొని, లేనిచోట కీలు ఏర్పడుతుంది. దానివల్ల వచ్చే నొప్పిని 1917లో ఇటలీ వైద్యుడు బెర్టొలోటి వివరించాడు. ఈ తేడా అంత అరుదేమీ కాదు. ఉన్నవాళ్లలో చాలామందికి దానివల్ల బాధే ఉండదు. పూసల వెనకనుండే చిన్న కీళ్లలో ఒకటి అసలే ఏర్పడకపోవడం మాత్రం చాలా అరుదు. అదీ తరచు అనుకోకుండానే బయటపడుతుంది.

కనుక ఫిల్ములో తేడా కనబడగానే నొప్పికి అదే కారణమని తేల్చుకోకూడదు. అరవై ఏళ్లు ఊరుకున్న కీలు ఇప్పుడెందుకు బాధిస్తోందని డాక్టరుగారిని అడగండి. ఆ కీలే అరిగి ఉండవచ్చు. వయసుతో వచ్చే డిస్కు అరుగుదలా కావచ్చు.

కారణం వెతకడమెంత ముఖ్యమో మన జిల్లా చరిత్రే చెబుతుంది. వెన్ను కొయ్యబారే జబ్బు గురించి 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసి రాశారు. అది పుట్టుకతో వచ్చింది కాదు, పూర్వజన్మ కర్మా కాదు. తాగే నీటిలోని ఫ్లోరైడు. ఆ బాధ ఎరిగిన కనిగిరి, పొదిలి ప్రాంతం (మన కనిగిరి రిజర్వాయరు కాదు, పైనున్న కనిగిరి) 1970లో కొత్త ఒంగోలు జిల్లాలో చేరింది.

ఆపరేషను మాట వస్తే, పూసలను పైనుంచి లెక్కపెట్టారా అని తప్పక అడగండి. ఇలాంటి నడుములో నాలుగో పూసా అయిదోదా అన్న లెక్క తప్పితే, కత్తి వేరేచోట పడుతుంది. పాత ఫిల్ములు పారేయకండి.

కాలు పట్టు తప్పినా, మలమూత్రాలు అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మిగిలినదానికి తొందర వద్దు. పుట్టుకతో వచ్చినదంతా జబ్బు కాదు, వంశానికి మచ్చ అంతకన్నా కాదు.