మావాడు బల్ల ఎందుకు తోశాడు?

(స్థానిక తెలుగు సంఘం ఉగాది సభలో ఒక తల్లి చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, టీచరునూ కాను. ఆటిజం ఉన్న పదహారేళ్ళ అబ్బాయికి తల్లిని. ఆ అర్హతతోనే మాట్లాడుతున్నాను.

మావాడు ఎనిమిదో గ్రేడులో ఉండగా ఒకరోజు స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. లెక్కల క్లాసులో బల్ల తోసేశాడనీ, ఆపబోయిన టీచరును కొట్టాడనీ, మూడు రోజులు సస్పెండ్ చేశామనీ చెప్పారు. ఆ శనివారం స్నేహితుల ఇంట్లో సత్యనారాయణ వ్రతం. "బాబుకి జ్వరం" అని చెప్పి మానేశాం. జ్వరం లేదు, సిగ్గు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

సస్పెన్షన్ అయ్యాక వాడు మళ్ళీ అదే పని చేశాడు. ఎందుకు చెయ్యడు? బల్ల తోస్తే ఆ క్లాసు తప్పుతుందని మనమే నేర్పాం కదా!

అప్పుడొకరు సలహా చెబితే, "ఫంక్షనల్ బిహేవియరల్ అసెస్‌మెంట్ చేయండి" అని స్కూలుకు ఉత్తరం రాశాం. పేరు పెద్దదే గాని విషయం చిన్నది. గొడవకు ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తరవాత ఏమైంది అని ప్రతిసారీ రాసిపెట్టడం. అలా రాసి చూస్తే గొడవలన్నీ లంచ్ తరవాతి పీరియడ్‌లోనే! కెఫెటీరియా హోరు, హాల్లో తోపులాట, ఆపైన చెప్పాపెట్టకుండా క్విజ్. చెవులు మూసుకున్నాడు, అడిగిందే పదిసార్లు అడిగాడు. అవన్నీ వాడి మొరలే. మనకు బల్ల పడిన చప్పుడే వినిపించింది.

ఇప్పుడు వాడు లంచ్ నుంచి అయిదు నిమిషాలు ముందే బయలుదేరతాడు. క్విజ్ సంగతి ముందురోజే చెబుతారు. తట్టుకోలేనప్పుడు ఒక కార్డు చూపించి నిశ్శబ్దంగా ఉండే గదికి వెళతాడు. గొడవలు పూర్తిగా పోలేదు, బాగా తగ్గాయి.

ఇది స్కూలువాళ్ళు చేసే దయ కాదు, మన పిల్లల హక్కు. 1975లో వచ్చిన చట్టమే 1990లో 'ఐడియా' అయింది, అప్పుడే ఆటిజాన్ని పేరుపెట్టి చేర్చారు. ఐ.ఇ.పి. ఉన్న పిల్లవాడిని వరసగా పది స్కూలు రోజులకు మించి బయట పెట్టాలంటే, ఆ ప్రవర్తనకు వైకల్యమే కారణమా అని తల్లిదండ్రులతో కూర్చుని తేల్చాలి. మీటింగులో ఇంగ్లీషు కష్టమైతే దుబాసీని అడగవచ్చు. ఏది అడిగినా కాగితం మీద అడగండి, ఒక కాపీ దాచుకోండి.

మనవాళ్ళకు ఒక్క మనవి. "రెండు తగిలిస్తే దారికొస్తాడు", "ఇండియా పంపించెయ్యండి" అనే సలహాలు మేము చాలా విన్నాం. వాటికి బదులు "పక్క గది ఖాళీగా ఉంది, కాసేపు కూర్చోబెట్టండి" అనండి చాలు. అలాంటి గది ఒకటి ప్రతి సభలోనూ ఉంచమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

ఇవాళ మావాడు కూడా వచ్చాడు. స్పీకర్ల హోరు పడక వాళ్ళ నాన్నతో బయట వరండాలో కూర్చున్నాడు. భోజనాల దగ్గర కలిసినప్పుడు పలకరించండి. జవాబు కాస్త ఆలస్యంగా వస్తుంది, ఆగండి.

సెలవు.