కరెంటు లేని రాత్రికి ఒక పెట్టె

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పైమూడేళ్లు సబ్‌స్టేషన్లలో పనిచేసి ఊరికి కరెంటిచ్చినవాణ్ణి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద పడినప్పుడు మాత్రం మా ఇంట్లోనే దీపానికి దిక్కులేకపోయింది. నా శ్రీమతికి ఉబ్బసం. నెబ్యులైజరు లేనిదే రాత్రి గడవదు. ఇన్వర్టరుందిగదా అని ధీమాగా ఫ్యాన్లూ లైట్లూ వేసుకుని కూర్చున్నాం. తెల్లవారేసరికి బ్యాటరీ ఖాళీ. మళ్లీ ఛార్జి చేద్దామంటే కరెంటేదీ? మూడో రాత్రి ఆవిడకు ఆయాసం ఎక్కువైంది. కూలిన చెట్లు దాటిస్తూ, చేయిపట్టి నడిపించి, జనరేటరున్న ఒక నర్సింగ్‌హోముకు చేర్చాను. పావుగంట మందు పీల్చాక ఊపిరి కుదుటపడింది. ఆ పావుగంటకు ఖర్చయిన కరెంటు యూనిట్‌లో పాతికో వంతు కూడా కాదు! ఆ కాస్త ఇంట్లో దాచుకోలేకపోయానే అని సిగ్గుపడ్డాను.

సోలార్ పెట్టె తయారీకి అప్పుడే పూనుకున్నాను. మొదటిసారి తొందరపడి, పాత కారు బ్యాటరీతో, ఫ్యూజు లేకుండా బిగించాను. ఒకరోజు స్పానరు జారి రెండు టెర్మినళ్ల మీదా పడింది. భగ్గున మెరిసి స్పానరు కాలింది, నా వేళ్లూ కాలాయి. పన్నెండు వోల్టులేగదా అన్న చులకన ఆనాటితో పోయింది. కారు బ్యాటరీ ఇంజన్ను తిప్పడానికేగాని, రోజూ అడుగంటా వాడుకోవడానికి పనికిరాదనీ తెలిసింది.

రెండోసారి ముందు కాగితం తీసుకున్నాను. నెబ్యులైజరు 150 వాట్లు, రోజుకు నాలుగుసార్లు పావుగంట చొప్పున 150 వాట్-అవర్లు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు, అయిదు గంటలకు 90. ఫోను ఛార్జింగుతో కలిపి 250 అనుకోండి. దీనికి 12.8 వోల్టుల, 50 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకున్నాను. అంటే 640 వాట్-అవర్లు. ఇన్వర్టరులో పోయేది పోగా, ఎండ లేకున్నా రెండు రోజులు నడుస్తుంది. 100 వాట్ల ప్యానెలు మంచి ఎండలో రోజుకు సుమారు 300 ఇస్తుంది. మబ్బు పడితే అందులో కొద్దిపాటే. అందుకే నిలవ ముఖ్యం.

మిగిలినవి: లిథియంకు సరిపడే ఛార్జ్ కంట్రోలరు, 300 వాట్ల ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టరు, 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 40 ఆంపియర్ల ఫ్యూజు. అన్నీ ఒక ప్లాస్టిక్ పెట్టెలో పట్టాయి. ఈ వయసులోనూ నేనే ఎత్తగలను.

కొన్ని జాగ్రత్తలు మనవి చేస్తాను. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినలుకు జానెడు దూరంలోనే ఉండాలి. కంట్రోలరుకు ముందు బ్యాటరీ కలపాలి, తర్వాతే ప్యానెలు. విప్పేటప్పుడు ముందు ప్యానెలు తీయాలి. ప్యానెలు ఎండలో, దక్షిణముఖంగా వాలుగా పెట్టండి. పెట్టె మాత్రం నీడలో, గాలాడేచోట ఉండాలి. తుపాను హెచ్చరిక రాగానే ప్యానెలు లోపలికి తెచ్చేయండి.

ఇంకో మాట. ఆక్సిజన్ కాన్సంట్రేటరు వాడేవారు ఈ పెట్టెను నమ్ముకోవద్దు. అది సుమారు 300 వాట్లు ఆపకుండా తాగుతుంది. ఈ బ్యాటరీ రెండు గంటలు కూడా ఆగదు. మీ ఇంటి లెక్క మీరే వేసుకోండి, ఆ తర్వాతే బజారుకు వెళ్లండి. బిగింపు పని తెలియనివారు తెలిసినవారిని పిలవండి. నన్ను పిలిచినా సంతోషంగా వస్తాను.

ఇప్పుడు ఆకాశం మబ్బు పట్టిందంటే మా ఆవిడ మొదట అడిగేమాట: "ఏమండీ, పెట్టె నిండుగా ఉందా?" ఉందని చెప్పగలుగుతున్నాను. నాకంతే చాలు.