కోశాధికారి అనుభవం
(శతాబ్ది సభలో చేసిన ప్రసంగం)



సేవా సంఘాన్ని పెంచి పోషించడం గురించి మాట్లాడమన్నారు. ముందుగా దోర్నకల్ గుర్తుకు వస్తుంది. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించినప్పుడు, మనుషులూ మనవారే, డబ్బూ మనదే, నిర్వహణా మనదే అని కట్టుబాటు చేసుకున్నారు. స్థాపకులలో ఒకరైన అజరయ్యగారు 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు తామే వచ్చి, తెలుగు నేర్చి పనిచేశారు. 1912లో బిషప్పు అయ్యారు. అంత పనికి మొదలు తమిళ గ్రామాల చందాలు!

మా సంగతి వేరు. మా పిల్లల వసతి గృహానికి నేను కోశాధికారిని. విదేశీ గ్రాంటు వచ్చినన్నాళ్లూ లెక్క అడిగినవారు లేరు. సర్వసభ్య సమావేశానికి కోరం కూడా ఉండేది కాదు. అదే సుఖమనుకున్నాను. గ్రాంటు ఆగిపోయేనాటికి రెండు నెలల బియ్యమే మిగిలింది. చందాకు ఇల్లిల్లూ తిరిగితే, "ఇన్నాళ్లూ ఎంత వచ్చింది, ఏమయింది?" అన్నారు. కొన్ని ఖర్చులకు నా దగ్గర రసీదులు లేవు. తల వంచుకుని వచ్చాను.

అప్పటినుండి ప్రతి నెలా మొదటి ఆదివారం, ఆరాధన ముగిశాక, జమాఖర్చులు చదివి గుడి తలుపుకు అంటిస్తున్నాము. మొదటి నెలలోనే, పది రూపాయలు చందా ఇచ్చిన ఒక అవ్వ లేచి, "కందిపప్పు సంతలోకంటే కిలోకు ఆరు రూపాయలు ఎక్కువ పెట్టారేమయ్యా?" అన్నది. విచారిస్తే నిజమే. ఆమెను కొనుగోలు కమిటీలో వేసుకున్నాము. ఇప్పుడు నాతో సంతకు వచ్చేది ఆమే.