ముగ్గు కాసేపు

మనసు నిలవడం లేదని చాలామంది అంటుంటారు. అందుకు యాప్‌లూ, శిబిరాలూ వచ్చాయి. నేను మాత్రం ముగ్గు గురించి చెబుతాను.

కల్లాపి చల్లి, అదే తెలంగాణలో సానిపి చల్లి, చుక్కలు పెడతారు. పదిహేను చుక్కలు, సందు చుక్క, అంటే చుక్కల సందుల్లో పెట్టేది, ఎనిమిది వచ్చేవరకు: లెక్క ఇంతే. మెలికల ముగ్గైతే గీత చుక్కను తాకకుండా చుట్టూ తిరగాలి. ఒక్క మలుపు తప్పితే ముగ్గంతా చెడుతుంది. అందుకే వేస్తున్నంతసేపూ కరెంటు బిల్లు గుర్తు రాదు, నిన్న ఎవరో అన్న మాటా గుర్తు రాదు. నియమం బిగుతుగా ఉన్నా తామర వేయాలా, చిలుక వేయాలా అన్నది మన ఇష్టం. ఆ కాస్త స్వేచ్ఛలోనే ఊహ పదునెక్కుతుంది.

పండితులకూ ఇది చిన్న సంగతిగా తోచలేదు. 1970లలో మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి తమిళుల ముగ్గులైన కోలాలను కంప్యూటర్ శాస్త్ర సూత్రాలతో పరిశీలించారు. ముగ్గు ఆడవాళ్ల పనే అనుకుని మగవాళ్లు చాలా పోగొట్టుకున్నారని నా అభిప్రాయం.

ఫ్లాట్‌లో వాకిలి లేదంటారా? గడప ముందు రెండడుగుల చోటు, ఒక సుద్దముక్క చాలు. ముగ్గు స్టిక్కర్లు అతికిస్తే చేతికి పనీ ఉండదు, మనసుకు ఊరటా ఉండదు. బియ్యప్పిండి వాడితే చీమలకు తిండి. కానీ బజారులో అమ్మే ముగ్గుపిండి చాలావరకు రాతిపొడే. రేపు పొద్దున ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగుతో మొదలుపెట్టండి. ఫోన్ లోపలే ఉంచి రండి.